పెద్దోడి పస్తు

మా పెద్దమ్మ తిమ్మక్కకు కడుపున పుట్టిన బిడ్డలు లేరు. ఆమె ఒక జెర్రిపోతును పెంచుకుంది. దానికి పెద్దోడు అని పేరు పెట్టింది. ఆ పేరు విని పగలబడి నవ్వినవాళ్ళలో మా నాయన అంజనప్ప మొదటివాడు. ఆ తర్వాత అదే పేరు పట్టుకుని ఏటా ఊరందరి ముందూ చేతులు కట్టుకుని పిలవాల్సి వచ్చింది ఆయనకు. కూతురై ఉండి తండ్రి మీద ఇంత కసి ఏమిటి అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. అంతా విన్నాక ఆయనకు జరిగింది చాల్లేదని మీరే అంటారు.

మాది పెద్దపంజాణి పక్కన మెట్టపల్లె. వాన పడితే చెనిక్కాయ, రాగి. పడకపోతే మొగులు వైపు చూస్తూ కూర్చోవడం. మా తాత పోయిన ఏడాదే మా పెదనాయన మునెప్పా, మా నాయనా వేరుపడ్డారు. ఇంటి నడిమధ్య మట్టిగోడ లేచి వెనక కొట్టం దాకా పోయింది. కొట్టంలో చెనిక్కాయ మూటలు పెట్టే సగం మా నాయనకు, ఎద్దుల్ని కట్టే సగం మా పెదనాయనకు వచ్చాయి. గోడ పెట్టేటప్పుడు మా అమ్మ కౌసల్య కూలివాళ్ళతో చెప్పి, కొట్టంలో గోడ అడుగున ఒక బొక్క వదిలించింది. నీళ్ళు పోవడానికి దారి ఉండొద్దా అందట. ఆడవాళ్ళ మాట కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పెద్దోడు దొరికింది ఆ గోడ లేవకముందు, ఒక కరువు ఏడాది. పొలం గట్టు చదును చేస్తుంటే పాము గుడ్లు బయటపడ్డాయి. కూలివాళ్ళు పారలతో చితక్కొట్టేశారు. అప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల ఒకటి మిగిలింది. పెద్దమ్మ దాన్ని కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చింది. చిన్న చిన్న కప్పపిల్లల్ని పట్టి వేసి పెంచింది. అది పెరిగి నిలువెత్తు మనిషి కన్నా పొడుగైంది. కొట్టంలో దాని ఇష్టం వచ్చినట్టు తిరిగేది. పొద్దుగూకితే వచ్చి పెద్దమ్మ మంచం కింద గోనెపట్టా మీద చుట్ట చుట్టుకునేది. తాను పిలిస్తే వస్తుందని ఆమె అనేది. పాముకు చెవులు లేవని మాకు బళ్ళో చెప్పారు గానీ, ఆ మాట పెద్దమ్మతో అనే ధైర్యం నాకు లేదు.

ప్రతి శుక్రవారం పాలు పోసి, కోడిగుడ్డు పెట్టేది. పాల వైపు పెద్దోడు చూసేవాడు కాదు. గుడ్డు మాత్రం తెల్లారేసరికి ఉండేది కాదు. “సూడు, నా కొడుకు గుడ్డు తిన్నాడు” అని వీధంతా చెప్పుకుని మురిసిపోయేది. మా పెదనాయన పోయాక ఆమెకు మిగిలింది ఆ మురిపెం ఒక్కటే.

డెబ్బై తొమ్మిదిలో నాకు మొదటి కొడుకు పుట్టాడు. నా కాపురం మదనపల్లెలో, కానుపు పుట్టింట్లో. బిడ్డను తొట్లో వేసే రోజు ఊళ్ళో మా కులపోళ్ళంతా వచ్చారు. పెద్దమ్మ కూడా వచ్చింది. బిడ్డకు వెండి మొలతాడు తెచ్చింది. నేను లేచి బిడ్డను ఆమె చేతిలో పెట్టాను. అప్పుడు మా నాయన పందిట్లో అందరికీ వినబడేట్టు అరిచాడు.

“ఏమే, గొడ్రాలి చేతిలో పెడతాండావే బిడ్డను? ఆయమ్మకు పెద్దోడుండాడు గదా! పోయి ఆ పామును తొట్లో ఏసుకోని ఊపుకోమను.”

కొందరు నవ్వారు. వాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పెద్దమ్మ ఏడవలేదు. బిడ్డకు మొలతాడు కట్టింది. తిరిగి నా ఒళ్ళో పెట్టి, కాళ్ళ మీది గుడ్డ సర్దింది. తర్వాత మా నాయన వైపు తిరిగింది.

“అంజనప్పా, వాణ్ణి నా కొడుకని నీ నోటితోనే పిలిపిస్తా. ఇదే జనం ముందర పిలిపిస్తా. అందాక నీ గడప తొక్కితే, నీ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముడితే, నేను మునెప్ప పెండ్లాన్ని గాదు.”

అని భోంచెయ్యకుండా వెళ్ళిపోయింది. నాకు పాలు పొంగే రోజులవి. మా నాయన మీద కోపంతో ఆ పూట బిడ్డకు పాలివ్వడానికి కూడా భయమేసింది, ఆ కోపం ఎక్కడ బిడ్డకు పోతుందోనని.

మా నాయన అంతటితో ఊరుకోలేదు. ఆ వారంలోనే కొట్టం బయట ఎండలో పడుకున్న పెద్దోణ్ణి ముల్లుకర్రతో కొట్టాడు. జానెడు తోక తెగి పడింది. మిగతా పాము ఎలాగో పెద్దమ్మ మంచం కిందికి చేరింది. ఆమె పసుపును వేపనూనెలో కలిపి పూసి, మళ్ళీ కొడతాడేమోనని దాన్ని ఒక వెదురు బుట్టలో పెట్టి మూత వేసి కట్టింది.

ఆ రోజు నుంచి పెద్దోడు మేత ముట్టలేదు. పెద్దమ్మ గుడ్డు పెట్టింది, ఎలుకల్ని బోనులో పట్టి తెచ్చింది. చచ్చినదాన్ని దారానికి కట్టి మూతి ముందు ఆడించింది. బతికినదాన్ని బుట్టలో వదిలితే అది పెద్దోడి వీపెక్కి కూర్చుంది తప్ప ఇంకేమీ జరగలేదు. ఊళ్ళో తగువులు తీర్చే పెద్దమనిషి నారాయణప్ప వచ్చి బుట్టలోకి తొంగి చూసి, తల ఊపి తీర్పు చెప్పేశాడు.

“దెబ్బ తిన్న పాము కూడు మానిందంటే పగ బట్టిందని అర్థం. కొట్టినోడి సంగతి తేలేదాకా అది ఏమీ ముట్టదు.”

మా నాయన నవ్వాడు. “జెర్రిపోతుకు యిషం యాడుందప్పా?”

“దానికి లేదు. దాని పెండ్లానికి ఉండాది గదా” అన్నాడు నారాయణప్ప.

మా వైపు జెర్రిపోతు మగదనీ, నాగుపాము దాని ఆడదనీ నమ్మకం. రెండూ వేరు వేరు జాతులని ఇప్పటి పిల్లలు చెబుతారు. ఆ రోజు మా ఊళ్ళో అలా చెప్పగలిగినవాడు లేడు. ఉన్నా పెద్దమ్మ వాడి నోరు మూయించేది. మా నాయన ముఖంలో నవ్వు ఎండిపోవడం ఆమె చూసింది. తన బిడ్డ పస్తు ఎంత పదునైన కత్తో ఆమెకు అప్పుడే అర్థమైంది.

“నా కొడుకు నా అట్లాంటోడే” అంది బుట్ట మీద చెయ్యి వేసి. “మాటంటే మాటే.”

ఆ రోజు నుంచి మా నాయన మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టించాడు. గడపలన్నిటికీ వెల్లుల్లి దంచి పూయించాడు. ఇల్లంతా ఊరగాయ జాడీలా కంపు కొట్టింది. మామూలు తాడు కనబడినా ఎగిరి పడేవాడు. ఆయన భయపడేకొద్దీ పెద్దమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఊరు విడిచి ఎక్కడికి పోతే అక్కడికి ఆమె పోవడం మొదలుపెట్టింది. పుంగనూరు సంతలో ఆయన కోడెల పళ్ళు చూస్తుంటే, ఎదురుగా ఒళ్ళో బుట్ట పెట్టుకుని కూర్చునేది. తిట్టేది కాదు, మాట్లాడేది కాదు. కట్టు కాస్త వదులు చేసి, మూత సందులోంచి లోపలికి చూసి, తర్వాత ఆయన వైపు చూసేది. ‘వీడేనా?’ అని లోపలున్నవాణ్ణి అడిగినట్టు. కోడెను కొనకుండానే ఆయన సంత దాటేశాడు.

అప్పటికి నేను బిడ్డతో కాపురానికి తిరిగొచ్చేశాను; సంత నుంచి ఆయన మదనపల్లెలో మా ఇంటికే వచ్చి పడ్డాడు. మరుసటి పూటకు పెద్దమ్మ మా ఎదురుగా దర్జీ అంగడి మెట్ల మీద ఉంది. లోపలికి రమ్మని నేను పోయి పిలిచాను.

“నీ ఇల్లు నాకు ఇల్లేనమ్మా. ఆయప్ప బయటికొస్తే నేను లోపలికొస్తా.”

మా నాయన వెనక వాకిలి నుంచి కుప్పం బస్సెక్కాక ఆమె వచ్చి సంగటి తిన్నది. ముద్ద నోట్లో పెట్టుకుంటూ బుట్ట వైపు చూసి ఆగిపోయింది. మూత తీసి నాకు చూపించింది. పెద్దోడి ఒళ్ళు చిక్కి, వెన్ను ఎముక గట్టులా లేచి కనబడుతోంది. చర్మం మడతలు పడింది.

“పగ బట్టినోడు ఇట్లా అయిపోతాడా?” అంది. ఆమె గొంతులో భయం వినడం నాకదే మొదటిసారి.

పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు మూత తీసి చూశాడు. చప్పున మూసేయబోయి, పెద్దమ్మ ముఖం చూసి మర్యాదగా మళ్ళీ తీశాడు. “అమ్మా, నేను ఎద్దులకూ గొర్రెలకూ వైద్యం చదువుకున్నాను. తోక పుండు మాత్రం మానిపోయింది. ఎందుకు తినడం లేదో నాకు తెలీదు” అన్నాడు. ఉన్న మాట చెప్పాడు పాపం. పెద్దమ్మ అక్కణ్ణుంచే కుప్పం బస్సెక్కింది. బిడ్డ సంగతి చూడాలో, పగ సంగతి చూడాలో తేలక, రెంటినీ ఒకే ఒళ్ళో పెట్టుకుని పోయింది.

కుప్పంలో జరిగింది మా అమ్మ తర్వాత నాకు చెప్పింది. అక్కడ మా అమ్మమ్మ పూలమ్మ ఇల్లు. మా నాయన కబురు చేస్తే మా అమ్మ కూడా ఊరి నుంచి అక్కడికి వచ్చింది. ఆయన లోపల తలుపు గడియ వేసుకుని ఉన్నాడు. పెద్దమ్మ ఎదురింటి అరుగు మీద బుట్టతో కూర్చుంది. మా అమ్మ వీధి దాటి పోయి ఆమె పక్కన కూర్చుంది. గోడ లేచినప్పటి నుంచి ఆ తోడికోడళ్ళు పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

“అక్కా, మూత తియ్యి” అంది మా అమ్మ.

తీస్తే లోపలికి వంగి చూసింది. “మా ఆయప్ప భయంతో సావడక్కా. నీ బిడ్డే ఆకలితో సస్తాడు.”

“వాడు పగ బట్టినాడు.”

“పగా లేదు, పాడూ లేదు. బుట్టలో కట్టేసి బస్సుల్లో తిప్పుతా ఉంటే యాడ తింటాడు? నీకొక సంగతి జెప్తా, తిట్టాకు. వాడు ఇన్నేండ్లూ తినింది మా ఇంట్లోనే. గోడకు బొక్క పెట్టించింది అందుకే. నీ పక్కన ఎద్దులుండాయి, మా పక్కన చెనిక్కాయలుండాయి. ఎలకలు యాడుంటాయి? వాడు బొక్కలోంచి వచ్చి, మూటల సందున ఏటాడి తిని, నీ మంచం కిందికొచ్చి పండుకుంటాండె.”

“మరి గుడ్లో?”

“మా పిల్లి తింటాండింది.”

పెద్దమ్మ మూత వేసేసింది. మా నాయన మాటకు కూడా ఆమె ముఖం అంత నల్లబడలేదట. తన చేత్తో పెంచిన బిడ్డ ఆ ఇంటి కూడు తిన్నాడు! వాడి కోసం ఈమె మంచినీళ్ళు కూడా వద్దని ఒట్టేసుకుంటే, వాడు దర్జాగా గోడ దాటి పోయి తినొచ్చి, ఏమీ ఎరగనట్టు ఆమె మంచం కింద పడుకున్నాడు.

“ఇడిసిపెట్టక్కా. ఇంటికి పోయి ఆ బొక్క కాడ ఇడిసిపెట్టు. తింటాడు.”

“తింటే పగ తీరిపోయిందంటారు ఊళ్ళో. ఆయప్ప మీసం తిప్పుకుంటా తిరుగుతాడు.”

“పగను నిలబెట్టుకుంటావా, బిడ్డను నిలబెట్టుకుంటావా?” అంది మా అమ్మ.

పెద్దమ్మ ఎదురింటి మూసిన తలుపు వైపు చూసింది. “రెండూ నిలబెట్టుకుంటా” అంది.

అందుకే నాకు మా పెద్దమ్మ అంటే అంత ఇష్టం.

ఇద్దరూ ఒకే బస్సులో వెంకటగిరికోట మీదుగా ఊరికి వచ్చారు. దారి పొడుగునా పెద్దమ్మ మా అమ్మతో మాట్లాడింది గానీ, ఎప్పుడూ కబుర్లు చెప్పే పెద్దోడితో ఒక్క మాటా మాట్లాడలేదట. అలిగింది. ఇంటికి వచ్చాక కొట్టంలో బొక్క దగ్గర బుట్టను పక్కకు వాల్చి మూత తీసింది. పెద్దోడు కదల్లేదు. ఆమె ఎంతసేపు చూస్తూ కూర్చుందో అంతసేపూ అలాగే పడున్నాడు. చూసి చూసి, “నీ కర్మ” అని ఎద్దులకు మేత వేయడానికి పోయింది. తిరిగొచ్చేసరికి బుట్ట ఖాళీగా ఉంది.

అవతలి పక్క మా అమ్మ ఇంటి పని కూడా మానుకుని మూటల మధ్య కూర్చుంది. ఆ పూట ఏమీ లేదు. మర్నాడు మూటల వెనక ఎలుకలు కీచుమన్నాయి. మా అమ్మ తొంగి చూసింది. మొండితోక పాము దూలం వారన సాగి పడుకుని ఉంది. దాని నడుము దగ్గర ముద్ద మింగినంత ఉబ్బు ఉంది. మా అమ్మ గోడ మీద అరచేత్తో తట్టింది. తిన్నాడని గుర్తు అది.

గోడ ఇవతల పెద్దమ్మ ఎద్దుల కాళ్ళ దగ్గరే కూలబడి ఏడ్చింది. తొట్లో వేసే రోజు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, బావిలో నీళ్ళు తోడే పాత చేద మోకును చుట్టగా చుట్టి బుట్టలో పెట్టి, మూత వేసి కట్టింది.

మా నాయన కుప్పం నుంచి వచ్చి బస్సు దిగేసరికి ఆమె బుట్టతో ఎదురుగా కూర్చునుంది. బుట్టను కాస్త కదిలించింది. లోపల మోకు బరువుగా జరిగింది. ఆయన బస్సు దిగిన చోటే నిలబడిపోయాడు.

“ఇంకా తినలేదా అది?” అన్నాడు.

పెద్దమ్మ బుట్టను ఇంకోసారి కదిలించింది.

ఆ నాగులచవితికి ఆయన లొంగిపోయాడు. నారాయణప్ప కాళ్ళూ వేళ్ళూ పట్టుకుంటే, ఆ పెద్దమనిషి ఒక దారి చెప్పాడు. మా వైపు అన్నదమ్ముల మధ్య మాటలు తెగితే, తప్పు చేసినవాడు కుంకుమ, తాంబూలం పట్టుకుని వాళ్ళ వాకిట్లో నిలబడి భోజనానికి పిలవాలి. పాముతో చెడింది కాబట్టి పామునే పిలవాలన్నాడు. తొట్లో వేసే రోజు వచ్చిన జనమంతా మళ్ళీ వచ్చారు. నవ్వినవాళ్ళు ముందు వరసలో నిలబడ్డారు. నేను బిడ్డనెత్తుకుని మదనపల్లె నుంచి పనిగట్టుకుని వచ్చాను.

పెద్దమ్మ వాకిట్లో పీట మీద బుట్ట పెట్టుకుని కూర్చుంది. మా నాయన పళ్ళెం పట్టుకుని, “నాగరాజా...” అని మొదలుపెట్టాడు.

“ఆ పేరుగల్లోళ్ళు ఈడ ఎవరూ లేరప్పా” అంది పెద్దమ్మ. “తిమ్మక్క కొడుకా, పెద్దోడా అని పిలువు.”

ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ అడ్డం పడలేదు. “తిమ్మక్క కొడుకా, పెద్దోడా” అన్నాడు గొణుగుతూ.

“నీ గొంతు ఆ పొద్దు పందిరంతా వినబడిందే!”

“తిమ్మక్క కొడుకా, పెద్దోడా! తప్పయిపోయింది. మా ఇంటికి రా నాయనా, కూడు తిను!”

పళ్ళెం కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, చేద మోకుకు దణ్ణం పెట్టాడు.

పెద్దమ్మ చెయ్యి మూత మీద ఉంది. ఆ వేళ్ళు మూతను పట్టుకోవడం నేను చూశాను. తీసి చూపిస్తే చాలు, ఊరు ఊరంతా ఆయన బతికినన్నాళ్ళూ నవ్వేది. ఆమెకు ఆ నవ్వు కావాలి. ఎంత కావాలో నాకు తెలుసు, నాకూ అంతే కావాలి. కానీ తీస్తే, మరి పామేదన్న ప్రశ్న వస్తుంది. అది ఆయన కొట్టంలోనే ఉందని తెలిసిన గడియలో ఆయన ముల్లుకర్ర తీస్తాడు. జనంలో మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెద్దమ్మ వైపే చూస్తోంది.

పెద్దమ్మ మూత తీయలేదు. వంగి బుట్టకు చెవి ఆనించి, తల ఊపింది.

“ఈ యాడాదికి తింటాడంట” అంది. “మళ్ళా చవితికి మళ్ళా పిలవాలంట.”

మా నాయన ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ప్రతి నాగులచవితికీ పళ్ళెం పట్టుకుని ఆ వాకిట్లో నిలబడ్డాడు. ఒక ఏడాది జ్వరమని ఎగ్గొట్టబోతే, పెద్దమ్మ బుట్టతో వచ్చి వీధిలో కూర్చుంది. ఆయన దుప్పటి కప్పుకునే వచ్చి పిలిచి పోయాడు. పెద్దోడు మాత్రం తన పాటికి తాను బొక్క దాటి ఈ ఇంట్లో తిని ఆ ఇంట్లో పడుకున్నాడు. మా చెనిక్కాయ మూటకు ఒక్క కన్నం పడలేదు. అదంతా తన పిలుపు మహిమేనని మా నాయన ఊళ్ళో చెప్పుకున్నాడు కూడా.

పెద్దమ్మ ఎనభై ఐదులో, వానాకాలంలో పోయింది. రెండు రోజులు జ్వరం, అంతే. భయంతో పిలిచింది పిలుపు కాదని ఆమె లెక్క, అందుకే ఒట్టు మాత్రం చివరిదాకా తప్పలేదు. చివరి గుక్క నీళ్ళు మా అమ్మ తెస్తే, “ఏ ఇంటివి?” అని అడిగి, వీధి బావివి అంటేనే తాగింది. కొడుకు లేడు కాబట్టి తలకొరివి మా నాయనే పెట్టాడు.

మర్నాడు పొద్దున ఎవరో బుట్ట సంగతి ఎత్తారు. పాపం, మూగప్రాణి లోపల పస్తు ఉంటుంది అన్నారు. అందరి ముందూ మా నాయన కట్టు విప్పి మూత తీశాడు. లోపల మోకు ఉంది.

“పామేదే?” అన్నాడు మా అమ్మతో.

“మన కొట్టంలో ఉండాడు” అంది మా అమ్మ, ఏడుస్తూనే. “నువ్వు మొదటిసారి పిలవకముందు నుంచే ఈడే తింటాండాడు.”

చావింట్లో నవ్వకూడదు. అయినా ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పెద్దమ్మ అంతకాలం మూత కింద దాచిపెట్టిన నవ్వు అది. మా నాయన ముఖం ఎర్రబడింది. చూరులోంచి ముల్లుకర్ర లాగి కొట్టంలోకి పోయాడు. నేనూ మా అమ్మా వెనకే పరిగెత్తాం. మూటల మీద మొండితోక పాము చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. రాత్రంతా గోడ అవతల ఖాళీ మంచం కింద ఉండి వచ్చిందో ఏమో. ఆయన కర్ర ఎత్తాడు. నేను అరవబోయాను.

ఆ పాము ముందు ఆ పిలుపు తప్ప ఇంకో మాట ఆయన నోటికి అలవాటు లేదు.

“తిమ్మక్క కొడుకా” అన్నాడు. కర్ర మెల్లగా కిందికి దిగింది. “పెద్దోడా. మీయమ్మ పోయిందిరా.”

ఎవరూ పీట వేసి కూర్చుని చెప్పించకుండా ఆయనంతట ఆయన ఆ మాట అనడం అదొక్కసారే. దాని కోసమే ఆమె ఊళ్ళన్నీ బుట్ట మోసింది. ఒక్క రోజు ముందు అని ఉంటే గోడ అవతలికి వినబడేది. నాకు మా నాయన మీద ఇప్పటికీ కడుపు మండేది అందుకే.